ఇంగ్లీషు జాతీయాల్లో మనఃస్థితులు: తెలుగులోకి తెచ్చేటప్పుడు ఎక్కడ పొరపడుతున్నాం?

వాక్యమిత్ర

సభ్యులందరికీ నమస్కారం. నేను ప్రస్తుతం ఒక ఇంగ్లీషు నవలికను తెలుగు చేస్తున్నాను. సంగీత పోటీలో మొదటిసారి వేదిక ఎక్కబోతున్న పదిహేడేళ్ళ అమ్మాయి, ఆమె వెంట వచ్చిన తండ్రి, ఆ ఒక్క రోజు: కథంతా ఇంతే. చిక్కంతా రచయిత్రి శైలిలో ఉంది. ఆవిడ పాత్రల మనఃస్థితిని ఎక్కడా నేరుగా చెప్పరు, దాదాపు ప్రతి పేజీలోనూ ఒక జాతీయంతో సూచిస్తారు. అమ్మాయికి "బటర్‌ఫ్లైస్ ఇన్ ద స్టమక్" మొదలవుతాయి, అంటే కడుపులో సీతాకోకచిలుకలు ఎగిరినట్లుండే అలజడి. ఫలితాల కోసం ఆత్రుతతో "ఆన్ టెంటర్‌హుక్స్" కూర్చుంటుంది. మొదటి జాబితాలో పేరు వినబడకపోయేసరికి "హర్ హార్ట్ శాంక్" అంటారు. తండ్రి "స్టిఫ్ అప్పర్ లిప్" వదలడు, అంటే పైపెదవి బిగబట్టినట్లు బాధను పైకి కనబడనివ్వడు. చివరికి ఇద్దరూ "ఓవర్ ద మూన్", పట్టరాని సంతోషంలో.

నిఘంటువు పక్కన పెట్టుకొని చేసిన మొదటి ప్రతిలో "హర్ హార్ట్ శాంక్" అన్న చోట "ఆమె గుండె జారిపోయింది" అని రాశాను. అది చదివిన మా చెల్లెలు వెంటనే "ఎవరిని చూసి భయపడింది?" అని అడిగింది. ఆ ప్రశ్నతో నాకు మిగతా వాక్యాల మీద కూడా నమ్మకం పోయింది. మాటకు మాట సరిపోయింది, చిత్రానికి చిత్రం కూడా సరిపోయింది, అయినా భావం మారిపోయింది. ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో, వాటిని ముందుగా పసిగట్టడం ఎలాగో అనుభవజ్ఞులు చెప్పగలరని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

బడిపంతులు

వాక్యమిత్ర గారూ, మీ చెల్లెలు సరైన చోటే ఆగారు. ఇంగ్లీషులో గుండె మునిగితే అది నిరాశ. ఆశపెట్టుకున్నది జరగదని తెలిసిన క్షణంలో లోపల ఏదో కిందికి దిగిపోయినట్లు అనిపించడాన్ని వాళ్ళు అలా అంటారు. మనకు గుండె జారితే అది భయం. మీ సందర్భానికి "నీరుగారిపోయింది", "ఉసూరుమంది" వంటివి దగ్గరగా ఉంటాయి. మనకు నిరాశలో ఉన్నది నీరైపోతుంది, లేదా ఊపిరి నిట్టూర్పై బయటికి పోతుంది. గుండె మాత్రం తన చోటు వదలదు.

ముప్పై ఏళ్ళకు పైగా ఇంగ్లీషు చెప్పినవాడిగా నేను గమనించినది ఏమిటంటే, పిల్లలు ఎక్కువగా తప్పేది అసలు తెలియని జాతీయాల దగ్గర కాదు, తెలుగులో అచ్చు అలాంటి బొమ్మే ఉన్న జాతీయాల దగ్గర. గుండెనే తీసుకోండి. "లూజ్ హార్ట్" అంటే అధైర్యపడడం. దాని మధ్యలో హిజ్, హర్ వంటి మాట చేరి, చివర "టు" వచ్చి "లాస్ట్ హిజ్ హార్ట్ టు హర్" అయితే ప్రేమలో పడడం. "టేక్ హార్ట్" అంటే ధైర్యం తెచ్చుకోవడం, "టేక్ టు హార్ట్" అంటే ఒకరన్న మాటను మనసుకు పట్టించుకోవడం, "లెర్న్ బై హార్ట్" అంటే కంఠస్థం చేయడం. ఇందులో చివరిది నాకు చాలా ఇష్టమైనది. జ్ఞాపకానికి వాళ్ళు గుండెను చోటుగా అనుకుంటే మనం కంఠాన్ని అనుకున్నాం, నోటికి వచ్చిందని కూడా అంటాం.

"హిజ్ హార్ట్ మెల్టెడ్" అన్న చోట "గుండె కరిగింది" అని రాసేటప్పుడు కూడా ఒకసారి ఆగాలి. మనకు గుండె కరిగేది ఎక్కువగా జాలితో. వాళ్ళకు ముద్దొచ్చే పసిపాపను చూసినా కరుగుతుంది.

పదసంచారి

నేను జాతీయాల పుట్టుపూర్వోత్తరాలు సేకరించేవాడిని. వాక్యమిత్ర గారి జాబితాలో ఉన్న వాటిలో కొన్నింటికి నమ్మకమైన చరిత్ర ఉంది, కొన్నింటికి ఉన్నది కట్టుకథలు. ఈ తేడా అనువాదానికి కూడా పనికివస్తుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

"టెంటర్‌హుక్స్" నిజంగా ఉన్న వస్తువులు. ఉన్ని బట్టను నేసి, తడిపి, చితకబాదిన తరువాత అది ఆరేటప్పుడు ముడుచుకుపోకుండా ఉండడానికి, చెక్క చట్రానికి వరుసగా కొట్టిన వంపు మేకులకు అంచులు తగిలించి బిగుతుగా లాగి కట్టేవారు. ఆ చట్రం టెంటర్, ఆ మేకులు టెంటర్‌హుక్స్. ఇంగ్లండులోని నేతపనివారి ఊళ్ళ శివార్లలో ఇలాంటి చట్రాలు పొలాల నిండా నిలబెట్టి ఉండేవి. మనసు కూడా అలా నలుదిక్కులా లాగి కట్టినట్లు ఉండడమే ఈ జాతీయంలోని భావం. 18వ శతాబ్దం నాటికే ఇది ఇప్పటి అర్థంలో స్థిరపడింది. వస్తువు మరుగున పడిపోవడంతో ఇంగ్లీషువారే చాలామంది దాన్ని "టెండర్‌హుక్స్" అని తప్పుగా రాస్తున్నారు.

"స్టిఫ్ అప్పర్ లిప్" వినగానే అందరికీ బ్రిటిష్ దొరలే గుర్తొస్తారు. ఇంతవరకు దొరికిన తొలి ముద్రిత ప్రయోగం మాత్రం 1815లో అమెరికాలోని మసాచుసెట్స్ పత్రిక ఒకదానిలో ఉంది. బ్రిటన్‌కు అది తరువాత అంటుకొని, చివరికి వారి జాతి లక్షణమన్నంతగా స్థిరపడింది.

"ఓవర్ ద మూన్" వెనుక చంద్రుడి మీదుగా ఆవు దూకే పిల్లల పాట ఉందనేది అందరూ ఒప్పుకొనే మాట. 1970లలో బ్రిటన్‌లో ఫుట్‌బాల్ ఆటగాళ్ళూ శిక్షకులూ మ్యాచ్ గెలిచిన ప్రతిసారీ టెలివిజన్‌లో ఇదే మాట అనడంతో ఇది ఇంటింటి మాటైంది. ఓడిపోయినప్పుడు తమ నిరాశను "సిక్ యాజ్ ఎ పారట్" అని చెప్పేవారు. కాబట్టి ఇది మాట్లాడే భాషకు చెందిన జాతీయం. దీనికి గంభీరమైన సమాసం పెడితే నప్పదు.

ఇక ఆనందంలో తేలిపోవడాన్ని చెప్పే "ఆన్ క్లౌడ్ నైన్" (తొమ్మిదో మేఘం మీద) గురించి ఒక హెచ్చరిక. 1896 నాటి అంతర్జాతీయ మేఘ పటంలో తొమ్మిదవదిగా పేర్కొన్నది అన్నింటికన్నా ఎత్తుకు ఎదిగే క్యుములోనింబస్ మేఘమనీ, అందుకే ఈ మాట పుట్టిందనీ ఇంటర్నెట్ నిండా కనిపిస్తుంది. పటంలోని అంకె నిజమే. జాతీయం తొలి రోజుల్లో మాత్రం "క్లౌడ్ సెవెన్", "క్లౌడ్ ఎయిట్" అన్న రూపాలు కూడా వాడుకలో ఉన్నాయి. మేఘ పటమే మూలమైతే అంకె అలా ఊగిసలాడదు. అందంగా అతికే కథను నేను ముందుగా అనుమానిస్తాను.

చిరుదివ్వె

నేను డిగ్రీ విద్యార్థిని. పోటీ పరీక్షల కోసం జాతీయాల పట్టికలు బట్టీపట్టినదాన్ని. మాస్టారు చెప్పిన పొరపాటు లాంటిదే నాకూ జరిగింది. మాదిరి ఇంటర్వ్యూలో ఉద్వేగంగా ఉందని చెప్పబోయి "ఐ హ్యావ్ పిన్స్ అండ్ నీడిల్స్" అన్నాను. ఎదుట కూర్చున్నవారు కాళ్ళు చాపుకోమన్నారు. అది తిమ్మిరికి చెప్పే మాటని తరువాత తెలిసింది. "ఆన్ పిన్స్ అండ్ నీడిల్స్" అంటేనే ఆత్రుతతో వేచి ఉండడమట. ఒక్క చిన్న మాట మారితే ఒంటి సంగతి మనసు సంగతి అవుతుందా?

బడిపంతులు

అవుతుందమ్మా. అందుకే జాతీయాన్ని అర్థంతో కాకుండా మొత్తం వాక్యంతో గుర్తుపెట్టుకోమని చెప్పేవాడిని. "బిసైడ్ హర్‌సెల్ఫ్" తరువాత "విత్ గ్రీఫ్", "విత్ జాయ్" వంటిదేదో వస్తే గాని ఏ భావమో తేలదు, ఎందుకంటే అది చెప్పేది భావాన్ని కాదు, ఒళ్ళు తెలియని స్థితిని. మనం "ఒళ్ళెరుగని కోపం", "ఒళ్ళు మరిచిన సంతోషం" అన్నట్లే.

పట్టికల్లో ఉండని మరో విషయం, ఎవరు ఎవరి గురించి అనవచ్చు అన్నది. "హీ హ్యాజ్ ఎ చిప్ ఆన్ హిజ్ షోల్డర్" అన్న మాటను సాధారణంగా ఎదుటివారి మీదే వాడతారు, అందులో నింద ఉంటుంది. తనకు అన్యాయం జరిగిందన్న భావాన్ని ఎప్పుడూ మోస్తూ, కయ్యానికి సిద్ధంగా ఉన్నవాడని దాని భావం. నా విద్యార్థి ఒకడు దాన్ని భుజాన పెట్టుకున్న బాధ్యత అనుకొని ఉద్యోగ దరఖాస్తులో తన గురించే రాసుకున్నాడు.

పదసంచారి

ఆ మాట పుట్టుక గురించి లిఖిత సాక్ష్యమే ఉంది. 1830లో న్యూయార్క్ ప్రాంతపు పత్రిక ఒకటి, ఇద్దరు కుర్రాళ్ళు కొట్లాటకు దిగాలనుకుంటే ఒకడు భుజం మీద చెక్క పేడు పెట్టుకొని, దమ్ముంటే పడగొట్టమని రెండోవాడిని రెచ్చగొట్టేవాడని వర్ణించింది. కయ్యానికి కాలు దువ్వడమని మనం చెప్పే మాటకు ఇది దూరపు చుట్టం.

నాడీపరీక్ష

వృత్తిరీత్యా వైద్యుడిని. భాష విషయంలో ఇక్కడి పెద్దల ముందు నేను చెప్పగలిగింది తక్కువే గాని, ఈ జాతీయాల్లో శరీరం గురించి చెప్పే భాగం నాకు తెలుసు.

కడుపులో సీతాకోకచిలుకలన్నది ఉత్త కల్పన కాదు. ఉద్వేగం కలిగినప్పుడు అడ్రినలిన్ విడుదలై, గుండె వేగం పెరిగి, జీర్ణకోశానికి వెళ్ళే రక్తం తగ్గి కండరాలకు మళ్ళుతుంది. కడుపు, పేగుల కదలికలో వచ్చే ఆ మార్పునే మనిషి రెక్కల అలజడిగా గుర్తిస్తాడు. అదే సమయంలో చేతుల్లో, పాదాల్లో చర్మానికి దగ్గరగా ఉన్న సన్నని రక్తనాళాలు ముడుచుకుంటాయి, నిజంగానే అరికాళ్ళు చల్లబడతాయి. "కోల్డ్ ఫీట్" అన్న జాతీయం దీని నుంచే పుట్టిందని నేను అనను, కాని భయపడ్డవారి పాదాలు తాకి చూస్తే చల్లగా ఉండడం నా రోజువారీ అనుభవం. అర్థం విషయంలో కూడా ఒక మాట: కోల్డ్ ఫీట్ అంటే ఉత్త భయం కాదు. ఒప్పుకున్న పనికి తీరా సమయం వచ్చేసరికి వెనుకంజ వేయడం.

ఫిన్లండ్ పరిశోధకులు 2014లో ప్రచురించిన ఒక అధ్యయనంలో సుమారు 700 మందికి శరీరం బొమ్మలిచ్చి, ఒక్కొక్క భావం కలిగినప్పుడు ఎక్కడ చైతన్యం పెరిగినట్లు, ఎక్కడ తగ్గినట్లు అనిపిస్తుందో రంగు వేయమన్నారు. కోపంలో ఛాతీ, తల, చేతులు రాజుకున్నాయి. విషాదంలో కాళ్ళూ చేతులూ మసకబారాయి. సంతోషంలో ఒళ్ళంతా వెలిగింది. ఐరోపావారూ తైవాన్‌వారూ వేసిన పటాలు చాలావరకు ఒకేలా ఉన్నాయి. అందుచేత రెండు భాషలూ ఒకే అవయవాన్ని పట్టుకోవడంలో వింత లేదు. అదే అవయవానికి వేరువేరు భావాలు అంటగట్టడమే వాక్యమిత్ర గారికి ఎదురైన చిక్కు.

ఇంకొకటి మాత్రం గట్టిగా చెప్పదలచుకున్నాను. "ఫీలింగ్ బ్లూ" అన్న చోట "కుంగుబాటు" అని రాయకండి. బ్లూ అన్నది తేలికైన, వచ్చిపోయే దిగులు. కుంగుబాటు అనే మాటను ఇప్పుడు డిప్రెషన్ అనే జబ్బుకు వాడుతున్నాం. ప్రసవం తరువాత మొదటి కొద్ది రోజుల్లో చాలామంది తల్లులకు వచ్చే "బేబీ బ్లూస్" సాధారణంగా రెండు వారాల లోపు తనంతట తానే తగ్గిపోతుంది. ప్రసవానంతర డిప్రెషన్ అలా తగ్గదు, దానికి చికిత్స కావాలి. ఒక కరపత్రంలో ఈ రెండింటికీ ఒకే తెలుగు మాట చూశాను. దాన్ని చదివిన తల్లి మామూలు దిగులుకు హడలిపోవచ్చు, లేదా అసలైన జబ్బును తేలిగ్గా తీసుకోవచ్చు. రెండోది ప్రాణం మీదికి వస్తుంది.

తెరవెనుకగొంతు

నేను డబ్బింగ్ మాటలు రాస్తాను. వైద్యులు గారు చెప్పిన బ్లూ సంగతి మా పనిలో తరచూ వస్తుంది. దాదాపు ప్రతిసారీ "దిగులుగా ఉంది" అన్న రెండు మాటలు సరిపోతాయి. "బ్లాక్ డాగ్" వచ్చినప్పుడు మాత్రం "దిగులు" చాలదు. 18వ శతాబ్దపు ఇంగ్లీషు రచయిత శామ్యూల్ జాన్సన్ తన ఉత్తరాల్లోనూ, తరువాత విన్‌స్టన్ చర్చిల్ కూడా తమను వదలని విషాదాన్ని నల్లకుక్క అన్నారు. అది వెంటబడి వచ్చేది, గుమ్మంలో కూర్చునేది. అక్కడ నేను కుక్కను వదులుకోను.

కోపం విషయంలో నాకు సభ్యుల సాయం కావాలి. ఇంగ్లీషు పాత్ర కోపగించిన ప్రతిచోటా "మండిపడ్డాడు" అని రాసి రాసి విసుగొచ్చింది. వాళ్ళ దగ్గర ఉన్న వైవిధ్యం మన దగ్గర లేదా?

బడిపంతులు

వైవిధ్యం మనకూ దండిగా ఉంది, కాకపోతే అది వేరే పొయ్యి మీద ఉంది. వివరంగా చెబుతాను.

ఇంగ్లీషు కోపజాతీయాలను వరుసగా పెట్టి చూడండి. "సిమ్మరింగ్" అంటే సన్నని మంట మీద సలసలమనడం. "బాయిలింగ్" అంటే మరగడం. "బాటిల్ అప్" అంటే సీసాలో బిగించడం. "లెట్ ఆఫ్ స్టీమ్" అంటే ఆవిరి వదలడం. "బ్లో వన్స్ టాప్" అంటే మూత ఎగిరిపోవడం. "హిట్ ద రూఫ్" అంటే ఆ ఎగిరినది పైకప్పుకు తగలడం. మనిషి ఒక మూతబిగించిన పాత్ర, కోపం అందులో కాగుతున్న ద్రవం. జార్జ్ లేకాఫ్, జోల్తాన్ కోవెచెష్ అనే భాషాశాస్త్రవేత్తలు 1980లలో సరిగ్గా ఈ జాతీయాలనే తీసుకొని, ఇవి విడివిడి మాటలు కావనీ, ఒకే ఊహ నుంచి వచ్చిన పిల్లలనీ చూపించారు. ఆవిరి యంత్రాలతో పాటు ఆవిరి జాతీయం వచ్చింది. ఒత్తిడి ఎక్కువైతే కవాటం తెరిచి కొంత వదలాలి, లేకపోతే పేలుతుంది. కాబట్టి "లెట్ ఆఫ్ స్టీమ్" వాళ్ళకు మంచి పని. ఎవరి మీదా పడకుండా బరువు దించుకోవడం. పిల్లలు మైదానంలో పరుగెత్తి అల్లరి తీర్చుకున్నా అదే మాట అంటారు.

మన కోపంలో మూత లేదు. మనకు ఒళ్ళు మండుతుంది, కడుపు మండుతుంది, అరికాలి మంట నెత్తికెక్కుతుంది, కళ్ళు నిప్పులు చెరుగుతాయి, మనిషి అగ్గిమీద గుగ్గిలమవుతాడు. రక్తం మరగడం, ఉడికిపోవడం మనకూ ఉన్నాయి గాని, మూత బిగించి పేలడం లేదు. మొత్తం మీద మన కోపం బహిరంగంగా అంటుకొనే మంట. మంటకు కవాటం ఉండదు, అది చల్లారాలి లేదా ఎవరో నీళ్ళు చల్లాలి. అందుకే "లెట్ ఆఫ్ స్టీమ్" అన్న చోట "అక్కసు వెళ్ళగక్కాడు" అని రాస్తే పాత్ర స్వభావమే మారిపోతుంది. వెళ్ళగక్కడంలో విషం ఉంది, ఎదుట ఒక మనిషి కూడా ఉన్నాడు. అది "వెంట్ హిజ్ స్ప్లీన్" అన్నదానికి చక్కగా సరిపోతుంది. చిరాకుకూ దుర్ముఖానికీ స్థానం ప్లీహమన్న పాత ఐరోపా వైద్యుల నమ్మకం నుంచి వచ్చిన మాట అది. స్టీమ్‌కు "మనసులోని బరువు దించుకున్నాడు" అంటే చాలు.

తెరవెనుకగొంతు గారి అవసరానికి నేను సూచించేది, కోపం ఎంత వేగంగా వచ్చిందో చూసి మాట ఎంచుకోమని. "ఫ్లై ఆఫ్ ద హ్యాండిల్" అంటే కామ నుంచి గొడ్డలి తల ఊడి ఎగరడం. అందులో ఉన్నది ఉష్ణం కాదు, ఉన్నట్టుండి అదుపు తప్పడం. అక్కడ "అగ్గిమీద గుగ్గిలమయ్యాడు" అంటే కుదురుతుంది, ఎందుకంటే నిప్పు మీద గుగ్గిలం పడిందంటే భగ్గుమనడానికి క్షణం పట్టదు. లోలోపల రగిలే కోపానికి "కుతకుతలాడుతున్నాడు" ఉంది. చిన్న కారణానికి వచ్చేదానికి "చిర్రెత్తింది" ఉంది. పట్టరాని ఆవేశానికి "శివాలెత్తాడు" ఉంది. "హాట్ అండర్ ద కాలర్" అంటే కోపమే కానక్కరలేదు, ఇబ్బందిపడి ముఖం కందిపోవడం కూడా కావచ్చు.

చివరగా "లాస్ట్ హిజ్ టెంపర్". తెలుగులో కోపం నాకు "వస్తుంది". ఇంగ్లీషులో ఏదో "పోతుంది". పోయేదేమిటని పిల్లలు అడిగేవారు. టెంపర్ అన్న మాటకు మూలమైన లాటిన్ క్రియకు పాళ్ళు సరిగా కలపడమని అర్థం. మనసులోని ఆ సమతూకమే పోయేది. మనకు కోపం బయటి నుంచి వచ్చే అతిథి, వాళ్ళకు నిలుపుకోవలసిన సొమ్ము చేజారడం. ఈ తేడా నాకు తరగతిలో ఎన్నిసార్లు చెప్పినా కొత్తగానే ఉండేది.

చిరుదివ్వె

మాస్టారూ, మరి "నిండుకుండ తొణకదు" అంటాం కదా. అందులో పాత్ర ఉంది కదా?

బడిపంతులు

నాకు తట్టలేదమ్మా, చాలా మంచి పట్టు పట్టావు. వాళ్ళ పాత్ర నిండితే పేలుతుంది, మన కుండ నిండితే స్థిరపడుతుంది. "తొణకడు బెణకడు" అన్నది కూడా ఆ కుండకు దగ్గరి మాటే. వాక్యమిత్ర గారూ, మీ నవలికలోని తండ్రికి ఇది పనికి రావచ్చు.

వాక్యమిత్ర

తప్పకుండా పనికివస్తుంది. నేను ఇంతవరకు "పంటి బిగువున ఓర్చుకున్నాడు" అని రాసి ఉంచాను. పైపెదవి బదులు పళ్ళు, రెండూ నోటి దగ్గరివే కదా అని. కాని పంటి బిగువులో అప్పటికప్పుడు కలిగిన నొప్పి కనిపిస్తుంది, చూసేవారికి అది తెలిసిపోతుంది. ఈ తండ్రి నొప్పి కూతురికి కూడా తెలియనివ్వడు. అది ఆయన జీవితమంతా చేసుకున్న అలవాటు.

పదసంచారి

దాచుకోవడం ప్రస్తావన వచ్చింది కాబట్టి దానికి ఎదురుగా ఉన్నదాన్ని కూడా చెప్పాలి. "వేర్ యువర్ హార్ట్ ఆన్ యువర్ స్లీవ్" అన్నదాన్ని ఇప్పుడు దాపరికం లేని మంచి మనసు గురించి వాడుతున్నారు. ఆ మాట స్థిరపడింది షేక్స్‌పియర్ ఒథెల్లో నాటకంతో. అక్కడ దాన్ని పలికేది నాయకుడు ఒథెల్లోను మోసగించే కపటి ఇయాగో. లోపల ఉన్నది పైకి చూపిస్తే గుండెను చొక్కా చేతికి కట్టుకొని కాకిజాతి పక్షుల చేత పొడిపించుకున్నట్లే అవుతుందని, తాను అలాంటివాడిని కానని చెబుతాడు. ఈర్ష్యను "గ్రీన్‌ఐడ్ మాన్‌స్టర్" (ఆకుపచ్చ కళ్ళ రాక్షసి) అన్నది కూడా అదే నాటకంలో అదే పాత్ర. ఈర్ష్య గురించి హెచ్చరిస్తున్నట్లే ఒథెల్లోకు ఈర్ష్యను ఎక్కిస్తూ అంటాడు.

ఆకుపచ్చ రంగు ఈర్ష్యకు మన దగ్గర అతకదు. పచ్చదనం మనకు చలవ, కళ, కలిమి. ఓర్వలేనివాడు మనకు కళ్ళలో నిప్పులు పోసుకుంటాడు, కుళ్ళుకుంటాడు, కడుపుమంటతో రగిలిపోతాడు. "గ్రీన్ విత్ ఎన్వీ"ని "ఈర్ష్యతో పచ్చబడ్డాడు" అని ముద్రించిన అనువాదం చదివినప్పుడు ఆ మనిషికి కామెర్లు వచ్చాయేమో అనిపించింది.

నాడీపరీక్ష

కడుపుమంట అన్నారు కాబట్టి దానికి జంటగా మరొకటి. మన దేశంలో అచ్చయ్యే ఇంగ్లీషు పత్రికలు పదవి దక్కనివారి అసంతృప్తిని "హార్ట్‌బర్న్" అని రాస్తాయి. ఇంగ్లీషు దేశాల పాఠకుడికి అది ఇప్పుడు కేవలం కడుపులోని ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నడం వల్ల ఛాతీలో కలిగే మంట. గుండెకు దానితో సంబంధమే లేదు.

గుండెకు నిజంగా సంబంధం ఉన్నది "బ్రోకెన్ హార్ట్". తీవ్రమైన దుఃఖం, దిగ్భ్రాంతి తరువాత గుండెలో రక్తాన్ని ఒంటికి పంపే ఎడమ గది (జఠరిక) ఉన్నట్టుండి బలహీనపడి, గుండెపోటు లక్షణాలన్నీ కనిపించే ఒక స్థితిని జపాన్ వైద్యులు 1990లో వర్ణించారు. ఆ సమయంలో జఠరిక ఉబ్బే ఆకారం అక్కడ ఆక్టోపస్‌లను పట్టే కుండలా ఉంటుంది కాబట్టి ఆ కుండ పేరుతోనే "తకొత్సుబో" అన్నారు. రజోనివృత్తి దాటిన స్త్రీలలో ఎక్కువగా కనిపిస్తుంది. చాలామంది కొద్ది వారాల్లో కోలుకుంటారు. "గుండె పగిలింది" అని మనవాళ్ళు అన్నది వట్టి అలంకారమని నేను ఇప్పుడు అనలేను.

తెరవెనుకగొంతు

ఇంతవరకు అందరూ సమానమైన తెలుగు జాతీయం వెతకాలన్నట్లే మాట్లాడారు. నేను కొంచెం విభేదిస్తాను. "మొసలి కన్నీరు" ఈనాడు మనకు పరాయిదిగా అనిపిస్తుందా? ఐరోపాలో మధ్యయుగాల యాత్రాగాథల నుంచీ ఉన్న ఆ మాటను మనం ఉన్నదున్నట్లు తెచ్చుకున్నాం, మన సంపాదకీయాలు దానితో నిండిపోయాయి. మరి "కడుపులో సీతాకోకచిలుకలు" అంటే తప్పేముంది? యువ పాఠకులకు అది ఇప్పటికే తెలుసు. ప్రతి కొత్త చిత్రాన్నీ గుమ్మంలోనే ఆపేస్తే భాష పెరగదు.

పదసంచారి

మొసలి కన్నీరు నిలిచింది కారణం ఉండే నిలిచింది. ఆ భావానికి, అంటే బాధపెట్టినవాడే బాధపడుతున్నట్లు నటించడానికి, అంత పొట్టిగా, అంత కరుకుగా ఉన్న మాట మనకు అవసరమైంది. మొసలి మనకు తెలిసిన జంతువే, దాని క్రూరత్వమూ తెలుసు. 2007లో ప్రచురితమైన ఒక పరిశీలనలో మొసలి జాతికి చెందిన ఏడు ప్రాణులను తిండి తినేటప్పుడు గమనిస్తే అయిదింటి కళ్ళు చెమ్మగిల్లాయి. పాత యాత్రికుల మాటలో కొంత నిజం ఉందన్నమాట, అయితే దానికి పశ్చాత్తాపంతో పనిలేదు.

సీతాకోకచిలుక తెలుగులో అందానికి, సుకుమారానికి గుర్తు. అది కడుపులో ఎందుకుందన్న ప్రశ్న జాతీయం తెలియని పాఠకుడిని కథలోంచి బయటికి లాగుతుంది. మీరు రాసే ఆధునిక ప్రేమకథల సంభాషణల్లో అది చెల్లవచ్చు. వాక్యమిత్ర గారి కథకురాలి నోట చెల్లుతుందా అన్నది వేరు.

బడిపంతులు

నేను ఇద్దరి మధ్యా నిలబడతాను. ఇక్కడ అసలు ఇబ్బంది మోతాదుది. "గుండెల్లో రైళ్ళు పరుగెత్తాయి" అన్నది మనకు రైళ్ళు వచ్చాక పుట్టిన గొప్ప జాతీయం. ఇంగ్లీషు కడుపులోకి సీతాకోకచిలుక దూరినట్లే మన గుండెల్లోకి రైలు దూరింది. కాని రైళ్ళు భయానికి, అదీ పెద్ద భయానికి. "కడుపులో దేవినట్లుంది" అంటే వాంతి వచ్చేట్లుందని. "గుబులు" అంటే అందులో దిగులు పాలు ఎక్కువ. "గుండె పీచుపీచుమంటోంది" అన్నదాంట్లో జంకు సరిగ్గా ఉంది గాని ఇష్టం లేదు. బటర్‌ఫ్లైస్‌లో జంకుతో పాటు ఆ క్షణం కోసం ఉవ్విళ్ళూరడం కూడా ఉంటుంది. వేదిక ఎక్కనివ్వకపోతే ఆ అమ్మాయి ఏడుస్తుంది, ఎక్కమంటే వణుకుతుంది. ఒక్క తెలుగు మాటలో ఆ రెండూ దొరకకపోతే రెండు మాటలు పెట్టండి, తప్పులేదు.

"కాలుగాలిన పిల్లి" గుర్తుందా? "లైక్ ఎ క్యాట్ ఆన్ హాట్ బ్రిక్స్" అని బ్రిటిష్ వారంటారు. రెండు భాషలూ ఒకరినొకరు అడగకుండా ఒకే పిల్లిని, ఒకే కాలిన పాదాన్ని ఎంచుకున్నాయి. ఒకచోట నిలవలేక తిరిగే మనిషికి అంతకన్నా మంచి బొమ్మ దొరకదు.

వాక్యమిత్ర

అందరికీ కృతజ్ఞతలు. రెండు రోజులు కూర్చొని ఆ భాగాన్ని తిరిగి రాశాను. మీరు చూసి తప్పులుంటే చెప్పండి.

"తెర పక్కన ఆమె కాలుగాలిన పిల్లిలా తిరిగింది. గుండె పీచుపీచుమంటూనే ఉంది, తన పేరు ఎప్పుడు పిలుస్తారా అని ప్రాణం ఉవ్విళ్ళూరుతూనే ఉంది. పాడి వచ్చాక ఫలితాల కోసం గడిచిన అరగంటా ముళ్ళ మీద కూర్చున్నట్లే ఉంది. మొదటి జాబితా చదవడం అయిపోయింది. తన పేరు లేదు. ఆమె నీరుగారిపోయింది. తండ్రి మాత్రం తొణకలేదు, బెణకలేదు; ఆమె వైపు తిరిగి, రెండో జాబితా ఇంకా ఉంది కదమ్మా అన్నాడు."

చివరి పేజీలోని "ఓవర్ ద మూన్"కు "ఆనందానికి అవధుల్లేవు" అన్నది వార్తాపత్రికల్లో అరిగిపోయిన మాట కావడంతో తీసేసి, "ఇద్దరికీ కాళ్ళు నేల మీద ఆనలేదు" అని పెట్టాను. చందమామ పోయింది, నేల విడిచి లేవడం మిగిలింది.

బడిపంతులు

"ప్రాణం ఉవ్విళ్ళూరుతూనే" అన్నచోట "మనసు" అంటే తేలికపడుతుంది. ప్రాణం అనేసరికి మళ్ళీ మోతాదు పెరిగింది. మిగతాది కదిలించకండి.

తెరవెనుకగొంతు

పిల్లి వచ్చాక నా సీతాకోకచిలుకల కోసం వాదించను. ఈ సంభాషణ నేను డబ్బింగ్‌కు రాసినా ఇలాగే రాస్తాను.

వాక్యమిత్ర

మాస్టారు చెప్పినట్లు "మనసు" అని మార్చాను. కొత్త ప్రతి మళ్ళీ చెల్లెలికి ఇచ్చాను. ఈసారి "నీరుగారిపోయింది" దగ్గర ఆగలేదు. తండ్రి దగ్గర ఆగి, ఆయనకు బాధ కలిగిందా లేదా అని అడిగింది. మూలం చదివినప్పుడు నేనూ అక్కడే ఆగి అదే అనుకున్నాను కాబట్టి ఆ వాక్యాన్ని అలాగే ఉంచేశాను.